అటకెక్కిన ఆవర్జాలు

2023లో చాలామంది వ్యాపారులు ఆరేళ్ల కిందటి లెక్కలు వెతుక్కోవాల్సి వచ్చింది. జీఎస్‌టీ 2017 జులై 1న మొదలైంది. ఆ తొలి ఆర్థిక సంవత్సరం 2017-18 లెక్కల్లో తేడాలుంటే, మోసం ఆరోపణ లేని మామూలు కేసుల్లో అధికారులు ఆర్డరు ఇవ్వడానికి ఆఖరు తేదీ పొడిగింపుల మీద పొడిగింపులు పొంది 2023 డిసెంబరు 31 దగ్గర ఆగింది. ఆర్డరుకు మూడు నెలల ముందే నోటీసు ఇవ్వాలి కాబట్టి, సెప్టెంబరు నెలాఖరులోపే నోటీసులు వెళ్లాయి. వాటిలోని ప్రశ్నలు మామూలువే. ఫలానా సరుకు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకున్నారు కదా, ఆ బిల్లు ఏది? సరుకు చేరినట్టు ఆధారం ఏది? అమ్మిన పార్టీకి డబ్బు చెల్లించిన పద్దు ఏది?

సమాధానం ఇవ్వడం కష్టమైంది మాత్రం వేరే కారణాలకు. ఆరేళ్లలో కంప్యూటర్లు మారిపోతాయి. లెక్కలు రాసిన అకౌంటెంట్ ఇంకోచోట చేరిపోతాడు. సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారుతుంది. వీటన్నిటినీ దాటుకుని ఆ ఏడాది లెక్క చెక్కుచెదరకుండా దొరకాలంటే, దాన్ని ఎవరో ఒకరు ఒక పద్ధతి ప్రకారం దాచి ఉండాలి.

"తీసేద్దామా సార్?"

మార్చి నెలాఖరు హడావిడి సద్దుమణిగాక ఏ హోల్‌సేల్ కొట్లోనైనా వినిపించే మాట ఇది. "సార్, ట్యాలీ బాగా స్లో అయిపోయింది. పాత సంవత్సరాలు తీసేద్దామా?" యజమాని కౌంటర్ దగ్గర బేరంలో ఉంటాడు. "తీసెయ్యమ్మా, ఇంకా దేనికవి" అంటాడు. నాలుగు మాటల్లో నిర్ణయం అయిపోతుంది.

కాగితపు పుస్తకాల రోజుల్లో ఈ పని ఇంత తేలిగ్గా జరిగేది కాదు. కొత్త ఏడాదికి కొత్త పుస్తకాలు తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, మొదటి పేజీలో శ్రీకారం రాసేవారు. చిట్టాలో ఏ రోజు జమాఖర్చు ఆ రోజు. ఆవర్జాలో ఒక్కో పార్టీకి ఒక్కో ఖాతా. పాత ఆవర్జాలో తేలిన బాకీలను కొత్త ఆవర్జాలోకి దించుకున్నాక, పాత పుస్తకాన్ని గుడ్డలో మూటగట్టి అటక మీద పెట్టేవారు. ఎన్నో ఏళ్ల తర్వాత, ఇక ఏ పార్టీతోనూ పేచీ రాదని యజమానికి గట్టిగా అనిపిస్తేనే ఆ మూట చిత్తుకాగితాల తూకానికి వెళ్లేది.

అంటే అవి మూడు వేర్వేరు పనులు. నిల్వలు దించుకోవడం ఒకటి, మూటగట్టి దాచడం రెండోది, తూకానికి వేయడం మూడోది. వాటి మధ్య ఏళ్ల ఎడం ఉండేది. నేటి సాఫ్ట్‌వేర్‌లోనూ ఇవి మూడే. మొదటిది స్ప్లిట్, రెండోది బ్యాకప్ తీసి ఆర్కైవ్ చేయడం, మూడోది డిలీట్. చిక్కంతా ఎక్కడంటే, అటక ఎక్కే శ్రమ లేకపోవడంతో మూడూ ఒకే మధ్యాహ్నం జరిగిపోతున్నాయి.

తెలుగు రాష్ట్రాల్లోని చిన్న, మధ్యతరహా కొట్లలో ఎక్కువగా కనిపించేది ట్యాలీయే. శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కుమారుడు భరత్ గోయెంకా 1986లో బెంగళూరులో మొదలుపెట్టిన సంస్థ అది. అందుకే ఈ అధ్యాయంలో ఉదాహరణలు దాని నుంచే. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవారికి మీటల పేర్లు మారతాయి, పని వరస మారదు.

ఒకే ఏడాదికి మూడు తేదీలు

ఏ రికార్డు ఎన్నాళ్లు ఉంచాలన్నది కంప్యూటర్‌లో ఖాళీని బట్టి తేల్చే సంగతి కాదు. దానికి చట్టాలే గడువులు పెట్టాయి. చట్టానికో గడువు ఉండడంతో, "ఆరేళ్లు చాలు", "ఎనిమిదేళ్లు ఉంచాలి" అని ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. 2022-23 ఆర్థిక సంవత్సరాన్నే తీసుకుని లెక్కగడితే ఆ గందరగోళం తొలగిపోతుంది.

ఆదాయపు పన్నుతో మొదలుపెడదాం. 2024 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మార్పు ప్రకారం, లెక్కలోకి రాని ఆదాయం 50 లక్షల రూపాయలు లేదా అంతకుమించి ఉందని భావిస్తే, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక 5 ఏళ్ల 3 నెలల వరకు పాత ఫైలు తిరిగి తెరవవచ్చు. 2022-23కు అసెస్‌మెంట్ సంవత్సరం 2023-24. అది 2024 మార్చి 31తో ముగిసింది. కాబట్టి ఈ గడువు 2029 జూన్ 30.

జీఎస్‌టీ చట్టంలోని 36వ సెక్షన్ ఇంకోలా లెక్కిస్తుంది. ఆ సంవత్సరపు వార్షిక రిటర్నుకు ఆఖరు తేదీ ఏదో, అక్కడి నుంచి 72 నెలలు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 72 నెలలంటే ఆరేళ్లు కదా అని ఆర్థిక సంవత్సరం చివరి నుంచి వేళ్లు మడుస్తారు. 2022-23 వార్షిక రిటర్ను ఆఖరు తేదీ 2023 డిసెంబరు 31. అక్కడి నుంచి 72 నెలలంటే 2029 డిసెంబరు 31. మార్చి నుంచి లెక్కపెట్టినవారు తొమ్మిది నెలల ముందే రికార్డు చెరిపేసుకుంటారు. ఆ ఏడాది మీద అప్పీలో, విచారణో నడుస్తుంటే, అది చివరికంటా తేలాక మరో ఏడాది వరకు సంబంధిత కాగితాలు ఉంచాలి. ఈ రెండు తేదీల్లో ఏది తర్వాత వస్తే అదే గడువు.

వ్యాపారం ప్రైవేట్ లిమిటెడ్ వంటి కంపెనీ రూపంలో ఉంటే కంపెనీల చట్టం, 2013 కూడా వర్తిస్తుంది. నడుస్తున్న సంవత్సరానికి ముందున్న 8 ఆర్థిక సంవత్సరాల పుస్తకాలు, వాటి వోచర్లతో సహా, సిద్ధంగా ఉండాలి. ఆ లెక్కన 2022-23 పుస్తకాలు 2031 మార్చి 31 వరకు కదలకూడదు.

2029 జూన్, 2029 డిసెంబరు, 2031 మార్చి. ఒకే ఏడాది లెక్కకు మూడు తేదీలు. వీటిలో తమకు వర్తించే ఆఖరి తేదీని ఆ ఏడాది ఫోల్డర్ పేరులోనే రాసి పెట్టడం అన్నిటికంటే పనికొచ్చే అలవాటు. "2022-23, ఉంచవలసింది 2031 మార్చి వరకు" అని ఉంటే, ఎనిమిదేళ్ల తర్వాత వచ్చే కొత్త అకౌంటెంట్‌కు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కొన్ని కాగితాలకు ఈ తేదీలేవీ సరిపోవు. స్థలం, భవనం కొన్నప్పటి పత్రాలు, ఖర్చుల బిల్లులు ఆ ఆస్తి అమ్మేదాకా కావాలి. అమ్మిన రోజు లాభం లెక్క తేలేది కొన్న ధరను బట్టే. ఉద్యోగుల చేరిక తేదీలు, జీతాల రికార్డులు వాళ్ల గ్రాట్యుటీ తేలేదాకా కావాలి. బ్యాంకు రుణ ఒప్పందాలు, కోర్టులో ఉన్న వివాదాల పత్రాలు కూడా ఇదే కోవలోవి. వీటిని ఏ ఏడాది ఫోల్డర్‌లోనూ కలపకుండా "శాశ్వతం" అనే వేరే ఫోల్డర్‌లో పెట్టుకోవాలి.

విడగొట్టే ముందు

అసలు డేటాను విడగొట్టాల్సిన అవసరం ఉందా? ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ట్యాలీలో ఏటా పుస్తకం మూసి కొత్తది తెరవాలన్న నియమం లేదు. ఒకే కంపెనీలో ఏళ్ల తరబడి ఎంట్రీలు వేసుకుంటూ పోవచ్చు. ఆల్ట్, ఎఫ్2 నొక్కి పీరియడ్ మార్చుకుంటే కావలసిన సంవత్సరం కనిపిస్తుంది. నెమ్మదించడానికి పాత హార్డ్ డిస్కు, చాలీచాలని ర్యామ్, సరిగా లేని నెట్‌వర్క్ కారణం కావచ్చు. డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే చాలాచోట్ల ఆ ఇబ్బంది తగ్గుతుంది. మందు వేస్తే పోయే నొప్పికి కోత అక్కర్లేదు.

నిజంగానే డేటా బరువెక్కిందని తేలితే స్ప్లిట్ చేయవచ్చు. అయితే ఏ సంవత్సరం దగ్గర కోస్తున్నారో ఆ సంవత్సరపు ఆడిట్ సంతకాలు అయిపోయి ఉండాలి. ఆదాయపు పన్ను రిటర్ను, జీఎస్‌టీ వార్షిక రిటర్ను రెండూ దాఖలై ఉండాలి. దీనికి కారణముంది. విడగొట్టిన తర్వాత పాత కంపెనీలో ఒక ఎంట్రీ మారిస్తే కొత్త కంపెనీ ప్రారంభ నిల్వ దానంతటదే మారదు. ఆడిటర్ గారు చెప్పిన సవరణ పాత పుస్తకంలో పడుతుంది, కొత్త పుస్తకం పాత అంకెతోనే సాగిపోతుంది. రెండేళ్ల తర్వాత ఆ తేడా బయటపడినప్పుడు దాని మూలం పట్టుకోవడానికి రోజులు పడుతుంది.

కోతకు ముందు అకౌంటెంట్ చేయాల్సిన పనులు వరసగా ఇవి.

మొదట పూర్తి బ్యాకప్ తీసి, దాన్ని వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి చూడాలి. తర్వాత, సరుకు వెళ్లినా బిల్లు కాని డెలివరీ నోట్లను, సరుకు వచ్చినా బిల్లు నమోదు కాని రసీదు నోట్లను తేల్చేయాలి. సస్పెన్స్ ఖాతాలో మిగిలిపోయిన మొత్తాలను వాటి స్థానాలకు చేర్చాలి. విదేశీ మారకంలో లావాదేవీలుంటే మారకపు లాభనష్టాలను సర్దాలి. ఇవి అయ్యాక నాలుగు రిపోర్టులు పీడీఎఫ్‌గా తీసి పెట్టుకోవాలి: ట్రయల్ బ్యాలెన్స్, స్టాక్ సమ్మరీ, బిల్లులవారీగా రావలసిన బాకీలు, బిల్లులవారీగా ఇవ్వవలసిన బాకీలు.

ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కితే డేటా మెనూ వస్తుంది. అందులో స్ప్లిట్ కింద ముందు వెరిఫై చేయాలి. తప్పులేమైనా కనిపిస్తే సరిదిద్దాకే తేదీ ఇచ్చి విడగొట్టాలి. అసలు కంపెనీ అలాగే ఉండి, దానితోపాటు రెండు కొత్త కంపెనీలు తయారవుతాయి. ఇచ్చిన తేదీకి ముందరిదంతా ఒకదానిలో, ఆ తేదీ నుంచి మొదలయ్యేదంతా రెండోదానిలో ఉంటుంది. ఇందాక తీసిన నాలుగు రిపోర్టులు ఇప్పుడు అక్కరకొస్తాయి. పాతదాని ముగింపు నిల్వ, కొత్తదాని ప్రారంభ నిల్వ, పీడీఎఫ్‌లోని అంకె మూడూ ఒకటి కావాలి. నగదు, బ్యాంకు, సరుకు, పెద్ద పార్టీల బాకీలు ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ చూడాలి.

ఇప్పుడు తెర మీద మూడు కంపెనీలు ఇంచుమించు ఒకే పేరుతో ఉంటాయి. అలవాటు కొద్దీ ఎవరైనా పాతదానిలో ఎంట్రీలు వేసేస్తే చిక్కే. అందుకే పేర్లలో తేదీలు చేర్చాలి. అసలు డేటాను రోజూ వాడే ఫోల్డర్ నుంచి తీసి ఆర్కైవ్‌లోకి మార్చాలి. తీసేయడం కాదు, మార్చడం. విడగొట్టని ఆ అసలు డేటాయే ప్రధాన ప్రతి. కంపెనీలకు ఇది మరీ ముఖ్యం. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేయాలి, ఆ నమోదును ఆపే వీలు ఉండకూడదు. ఆ చరిత్ర మొత్తం ఉండేది అసలు ప్రతిలోనే.

మూటలో ఏముండాలి

సాఫ్ట్‌వేర్ బ్యాకప్ ఒక్కటే దాచుకుంటే సగం పనే అయినట్టు. ఆ ఫైలు తెరవాలంటే ఆ సాఫ్ట్‌వేర్ కావాలి, ఆ వెర్షన్ కావాలి, లైసెన్సు కావాలి. ట్యాలీ.ఈఆర్‌పీ 9 కాలం నాటి డేటాను కొత్త ట్యాలీప్రైమ్‌లో వాడుకోవాలంటే మార్పిడి చేసుకోవాలి. పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే మూటలో రెండు రకాలవి ఉండాలి. ఒకటి అసలు డేటా, బ్యాకప్ ఫైలు, అది ఏ వెర్షన్‌లో తీసిందో చెప్పే చీటీ. రెండోది ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే పీడీఎఫ్, ఎక్సెల్ ప్రతులు: డే బుక్, అన్ని లెడ్జర్లు, స్టాక్, లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టిక, సంతకాలైన ఆడిట్ రిపోర్టు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, దాఖలు చేసిన రిటర్నులు, స్కాన్ చేసిన కొనుగోలు బిల్లులు.

రిటర్నులు పోర్టల్‌లో ఎలాగూ ఉంటాయి కదా అని చాలామంది వాటిని దించుకోరు. జీఎస్‌టీ పోర్టల్ 2024లో రిటర్నుల సమాచారాన్ని ఏడేళ్ల వరకే చూపే విధానం తెచ్చింది. దాని ప్రకారం 2017 జులై నాటి సమాచారం 2024 ఆగస్టులో, 2017 ఆగస్టు నాటిది సెప్టెంబరులో పోర్టల్ నుంచి తొలగింది. వ్యాపారుల నుంచి విజ్ఞప్తులు రావడంతో తిరిగి అందుబాటులోకి తెచ్చారు. అయినా అందులోని సూచన స్పష్టమే. అవసరమైనవి ఇప్పుడే దించుకోవాలి. క్లౌడ్ అకౌంటింగ్ వాడేవారికి మరో ఉదాహరణ ఉంది. ఇంట్యూట్ సంస్థ భారత్‌లో క్విక్‌బుక్స్ సేవను 2023 ఆరంభంలో ఆపేసింది. దాన్ని వాడుతున్నవారంతా తమ లెక్కలను బయటికి తెచ్చుకుని వేరే చోటికి మారాల్సి వచ్చింది.

తాళంచెవి సంగతి వేరే చెప్పాలి. ట్యాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెట్టిన డేటాకు ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి తెలుసుకునే దారి లేదు. అకౌంటెంట్ మానేసినప్పుడు దానిని రాసి తీసుకోకపోతే ఆ ఏడాది లెక్క ఉండీ లేనట్టే. జీఎస్‌టీ నిబంధనల్లో 57వది ఎలక్ట్రానిక్ రికార్డులకు సరైన బ్యాకప్ ఉండాలంటుంది. ప్రమాదంలో పోయినా తగినంత సమయంలో తిరిగి తెచ్చుకోగలగాలంటుంది. అధికారులు అడిగితే ఫైళ్ల పాస్‌వర్డులు, వాడిన కోడ్‌ల వివరణ కూడా ఇవ్వాలంటుంది. కాబట్టి పాస్‌వర్డులన్నీ ఒక కవరులో సీలు వేసి యజమాని దగ్గర, ఇంకో ప్రతి బ్యాంకు లాకరులో ఉండడం మేలు.

మూట ఎక్కడ పెట్టాలన్నదీ తేల్చుకోవాలి. 2024 సెప్టెంబరు ఒకటో తేదీ నాటికి బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు నీట మునిగాయి. రోజుల తరబడి నీళ్లు తియ్యలేదు. అలాంటి వరదలో కంప్యూటరూ, దాని పక్క సొరుగులో పెట్టిన బ్యాకప్ డ్రైవూ కలిసే మునుగుతాయి. రెండో ప్రమాదం నీళ్లతో రాదు. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వానాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లకూ సోకింది. అలాంటి వైరస్ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడుగుతుంది. కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచే ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కూ అదే తాళం పడుతుంది.

ఈ రెండిటికీ విరుగుడుగా కంప్యూటర్ రంగంలో మూడు, రెండు, ఒకటి అనే లెక్క వాడుకలో ఉంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. ఒక కొట్టుకు దీన్ని వర్తింపజేస్తే, ఆఫీసు కంప్యూటర్‌లో ఒకటి, విడిగా తీసి పెట్టే ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లోనో ఒకటి. కంపెనీలకైతే భారతదేశంలో ఉన్న సర్వర్‌లో రోజువారీ బ్యాకప్ ఉండాలని నిబంధనే ఉంది.

ఏడాదికోసారి తెరవడం

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజినీరు సమస్యను సరిదిద్దే తొందరలో పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. దాదాపు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలాక ఆపగలిగాడు. బ్యాకప్ కోసం వాళ్ల దగ్గర ఐదు ఏర్పాట్లు ఉన్నాయి. అవసరం పడిన రాత్రి ఒక్కటీ అనుకున్నట్టు పనిచేయలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు ఒకరు చేతితో తీసి ఉంచిన ప్రతి కాపాడింది. జరిగినదంతా ఆ సంస్థే దాపరికం లేకుండా వెల్లడించింది. కంప్యూటర్లే లోకంగా బతికే నిపుణులకే ఇలా జరిగితే, మూడేళ్ల కిందటి పెన్‌డ్రైవ్‌ను నమ్ముకున్న కొట్టు మాటేమిటి?

కాబట్టి ఏటా ఒక రోజు కేటాయించాలి. దాచిన ప్రతుల్లో ఒకదాన్ని, రోజూ వాడే కంప్యూటర్‌లో కాకుండా వేరేదానిలో రీస్టోర్ చేయాలి. ఏదో ఒక నెల ఎంచుకుని, ఒక కొనుగోలు బిల్లు, దాని చెల్లింపు, ఆ పార్టీ లెడ్జర్ వెతికి తీయాలి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవాలి. తెరుచుకోని ప్రతి ఉంటే, మిగిలిన ప్రతుల నుంచి అప్పుడే కొత్తది తయారు చేసుకోవాలి.

తీసేయదగినవి

ఇంత చెప్పాక, ఏదీ తీసేయకూడదేమో అనిపించవచ్చు. అది కూడా సరికాదు. గడువు దాటినవి, అవసరం తీరినవి పేరుకుపోతే కావలసినది వెతకడం కష్టమవుతుంది. పైగా పాత ఫోల్డర్లలో ఉద్యోగుల ఆధార్ ప్రతులు, కస్టమర్ల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు ఉంటాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 సారం కూడా ఇదే. తీసుకున్న పని పూర్తయి, వేరే ఏ చట్టం ప్రకారమూ ఉంచాల్సిన అవసరం లేకపోతే ఆ సమాచారాన్ని తుడిచేయాలి.

అసలు ప్రతి తెరిచి చూసి భద్రపరిచాక ఒకే బ్యాకప్‌కు ఉన్న పదుల నకళ్లు, ప్రయోగం కోసం తెరిచిన కంపెనీలు, రెండుసార్లు స్కాన్ చేసిన బిల్లులు నిశ్చింతగా తీసేయవచ్చు. లావాదేవీలు లేని లెడ్జర్లను ఆడిటర్ గారితో ఒక మాట అనుకుని తొలగించవచ్చు.

నడుస్తున్న పుస్తకంలోని వోచర్ల దగ్గర మాత్రం చెయ్యి ఆగాలి. జీఎస్‌టీ నిబంధనలు పద్దులను చెరపడాన్ని, కొట్టేసి పైన రాయడాన్ని ఒప్పుకోవు. ఎలక్ట్రానిక్ పుస్తకాల్లో మార్చిన, తొలగించిన ప్రతి ఎంట్రీకీ లాగ్ ఉండాలి. ట్యాలీలో ఆల్ట్, డి నొక్కితే వోచర్ పూర్తిగా పోతుంది. ఆల్ట్, ఎక్స్ నొక్కితే రద్దయినట్టు గుర్తుతో దాని నంబరు పుస్తకంలో నిలుస్తుంది. అమ్మకపు బిల్లు రద్దు చేయాల్సి వస్తే రెండోదే దారి. నంబర్ల వరసలో ఖాళీ కనిపిస్తే, ఆ బిల్లు ఏమైందన్న ప్రశ్నకు ఏళ్ల తర్వాత ఎవరూ జవాబు చెప్పలేరు.

ఒక ఏడాది లెక్క మొత్తాన్ని తొలగించే రోజు వస్తే, అది ఒక్కరి చేతిలో ఉండకూడదు. ఒక చిన్న రిజిస్టరులో ఏ సంవత్సరం, దానికి వర్తించిన ఆఖరి గడువు, పెండింగు కేసులు లేవన్న ధ్రువీకరణ, తీసేసిన తేదీ రాయాలి. యజమాని, అకౌంటెంట్ సంతకం చేయాలి. ఆడిటర్ గారి మాట తీసుకోవాలి. సంతకాలైన ఆస్తి అప్పుల పట్టిక, ఆడిట్ రిపోర్టు, దాఖలైన రిటర్నులు మాత్రం అప్పుడు కూడా ఉంచుకోవచ్చు. అవి పట్టే చోటు ఒక ఫొటో ఆల్బమ్ అంత కూడా ఉండదు.

ఒక రోజు పని

ఈ అధ్యాయంలోని పనంతా కలిపినా ఏడాదికి ఒక పూర్తి రోజు. వార్షిక రిటర్నుల గొడవ ముగిసిన జనవరిలో ఒక ఆదివారం దానికి అనువుగా ఉంటుంది. ఉదయం ముగిసిన సంవత్సరపు రిపోర్టులు, రిటర్నులు దించుకుని ఫోల్డర్ పేరులో గడువు రాయడం. మధ్యాహ్నం మూడు ప్రతులు తీసి మూడు చోట్లకు పంపడం. సాయంత్రం పాత ప్రతి ఒకటి తెరిచి ఒక బిల్లు వెతకడం. ఆఖరున రిజిస్టరులో ఒక వరస: ఏ సంవత్సరం తెరిచారు, ఏ బిల్లు దొరికింది, ఎన్ని నిమిషాల్లో దొరికింది, ఎవరు చూశారు, తేదీ, సంతకం.